మనకు తెలిసినవారెవరు?



ఈ మాసము ఒక చిన్న ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాను. బీదవారికి మేలు చేయుటకై వెళ్లిన చోట గొప్పవారి పరిచయము సంపాదించుకొనుట తప్పా? ఈ ప్రశ్న నాకై నాకు పుట్టినది కాదు. మన పేట నుండి మొట్టమొదటగా న్యాయశాస్త్రము చదువుచున్న అబ్బాయి ఒక శనివారము రాత్రి నా యింటి అరుగుమీద కూర్చుండి అడిగినది. ఆ రాత్రి నేను అతనికి సరియైన జవాబు చెప్పలేకపోతిని. మరునాడు ప్రసంగించవలసిన వాక్యము చేతిలో ఉండియు నోట మాట రాలేదు. అతని అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను.

గడచిన నవంబరు మాసములో మన మండల కేంద్రములోని హైస్కూలు ఆవరణలో ఉచిత న్యాయ సహాయ శిబిరము జరిగినది మీలో చాలమందికి తెలియును. న్యాయ సేవాధికార సంస్థల చట్టమును పార్లమెంటువారు 1987లో చేసిరి. అది 1995వ సంవత్సరము నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది. అందుచేత ఆ దినమును దేశమంతట న్యాయ సేవా దినముగా జరుపుదురు. ఆ రోజులలోనే ఊళ్లలో ఇట్టి శిబిరములు పెట్టుట వాడుక. బీదతనమువలన ఎవడును న్యాయమునకు దూరము కాకూడదని 1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగములో 39ఎ అను అధికరణము చేర్చబడినది. ఆ మాటను నెరవేర్చుటకే ఈ చట్టము.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు సాగెదను. మనవారిలో అనేకులు, 'మనము బాప్తిస్మము పొందిన తరువాత ఎస్సీ సర్టిఫికెట్టు రాదు, బీసీ-సీ అని వ్రాయుదురు, కాబట్టి ఈ ఉచిత వకీలు మనకు కాదు' అని అనుకొనుచున్నారు. అది పొరపాటు. ఆ చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును పిల్లలకును, వారి కులమేదైనను, ఆదాయమెంతైనను, ఈ సహాయము దొరకును. వికలాంగులకును, జైలులో ఉన్నవారికిని, ఫ్యాక్టరీ కార్మికులకును దొరకును. ప్రభుత్వము నిర్ణయించిన హద్దుకు లోపల ఆదాయముగల పురుషులకును దొరకును. 15100 అను నెంబరుకు ఫోను చేసినను చెప్పుదురు. మన స్త్రీల సమాజములో ఈ సంగతి ఒకసారి చదివి వినిపించవలెనని నా మనవి.

ఇక శిబిరము సంగతి. షామియానా వేసిరి. వేదికమీద జడ్జిగారు, పెద్ద లాయర్లు, మండల అధికారులు కూర్చుండిరి. ఒక ప్రక్కగా నాలుగు బల్లలు వేసి, రాజమహేంద్రవరము నుండి బస్సులో వచ్చిన లా విద్యార్థులను వాటియొద్ద కూర్చుండబెట్టిరి. వచ్చినవారి కష్టము విని అర్జీ వ్రాసి పెట్టుట వారి పని. న్యాయశాస్త్రము చెప్పు ప్రతి కాలేజీయు న్యాయ సహాయ కేంద్రమొకటి నడుపవలెనని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియావారు 2008లో నియమము చేసిరి. మూడేండ్ల చదువువారు 12 వారములు, అయిదేండ్ల చదువువారు 20 వారములు బయట పని నేర్చుకొనవలెనని కూడ వ్రాసిరి. మంచి నియమమే. పుస్తకములోని చట్టమునకును, బురదకాళ్లతో వచ్చి నిలుచున్న మనిషికిని నడుమనున్న దూరము ఆ బల్లయొద్దనే తెలియును.

మన సంఘములోని ఒక ముసలి విధవరాలిని నేనే ఆటోలో ఎక్కించుకొని తీసికొని వెళ్లితిని. ఆమె భర్త పేర మూడు సెంట్ల ఇంటి స్థలమునకు పట్టా ఉన్నది. భర్త పోయిన తరువాత మరిది కొడుకులు అందులో సగము మేర దడి కట్టుకొనిరి. వారును మన సంఘస్థులే. సంఘపెద్దలతో కలిసి రెండుమారులు కూర్చుండి చెప్పిచూచితిమి, తెమలలేదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయము నాకు తెలియదా? తెలియును. అయితే ఆ అధ్యాయమును బలవంతునికి ఒకసారియు చదివి వినిపించక విధవరాలికే పదిమారులు చదివి వినిపించుట మన సంఘములలో పాత అలవాటు. అందుచేత ఈమారు ఆమెను తీసికొని వెళ్లితిని. పట్టా కాగితము పాలిథిన్ కవరులో చుట్టి కొంగున కట్టుకొని ఆమె వరుసలో నిలువబడెను. ఆ బల్లవెనుక మన అబ్బాయియే ఉండెను. ఆమె ముఖము వికసించెను. ఇక నాకు విచారము లేదనుకొంటిని.

ఆమెకు ముందు ఇద్దరో ముగ్గురో ఉండగా టీలు వచ్చెను. వేదికమీదివారు క్రిందికి దిగిరి. విద్యార్థులందరును బల్లలు విడిచి వారి చుట్టు చేరిరి. ఫోటోలు దిగిరి, ఫోను నెంబర్లు వ్రాసికొనిరి, 'సార్, మీ ఆఫీసులో జూనియరుగా అవకాశమున్నదా' అని అడిగిరి. అట్లు గంట గడచెను. తరువాత వందన సమర్పణ అనిరి, జాతీయగీతము పాడిరి, బల్లలు ఎత్తివేసిరి. ఆమె కాగితము కొంగుననే యుండెను.

తిరిగి వచ్చునప్పుడు ఆటోలో నేను, "ఏమమ్మా, అబ్బాయిని పిలువకపోతివా?" అని అడిగితిని. ఆమె అన్నది: "ఆడు పెద్దోళ్లతో మాటాడతన్నాడండి అయ్యగారూ. మద్దెలో ఎల్లి ఆపితే బాగోదని కూకున్నాను. ఆడికి మంచి జరిగితే మనందరికీ మంచేగదండి."

కోపపడి యుండినయెడల నాకు ఇంత బాధ కలిగెడిది కాదు.

ఆ శనివారము అబ్బాయి వచ్చి చెప్పినదిది. "అయ్యగారూ, బస్సులోనే మా మేష్టారు చెప్పారండి. సేవ ఎలాగూ చేస్తారు, మీలో ఒక్కొక్కరూ కనీసం అయిదుగురు పెద్దవాళ్ల పరిచయం చేసుకుని రండి, రేపు మీకు అన్నం పెట్టేది అదే అన్నారు. నేనూ అదే చేశానండి. మామ్మ కాగితం రాయలేదు, అది తప్పే, ఒప్పుకుంటాను. కాని పరిచయం చేసుకోవడమే తప్పంటారా? మా నాన్న వ్యవసాయ కూలీ. నాకు కోర్టులో ఎవరు తెలుసండి?"

మొదట నాకు మత్తయి సువార్త ఆరవ అధ్యాయము జ్ఞాపకము వచ్చెను. కుడిచేయి చేయు ధర్మము ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు బోధించెను గదా. మనుష్యులు చూడవలెనని చేసినవానికి ఆ చూపే కూలి, తండ్రియొద్ద వానికి ఇక బాకీ లేదు. ఈ వాక్యము తీసి అబ్బాయిని గద్దించుట సులభమే. అయితే నా నోరు ఎందుకు రాలేదో చెప్పెదను. ఆ దినమున నన్నును వేదికమీదికి పిలిచి కుర్చీ వేసిరి. నేను విధవరాలిని వరుసలో నిలువబెట్టి వెళ్లి కూర్చుంటిని. టీ సమయమున తహశీల్దారుగారి ప్రక్కన చేరి మన సమాధుల తోటకు స్థలము విషయము కదిపితిని. వర్షాకాలములో మన శవములను నీళ్లలో దింపుచున్న సంగతి మీరెరుగుదురు. అది సంఘము పనియే, నా స్వంత పని కాదు. అయినను ఆ గంటసేపు నేనును ఆమె వైపు తిరిగి చూడలేదు. అబ్బాయి విడిచినది బల్ల, నేను విడిచినది మనిషిని. ఇట్టివాడు ఎవనిని గద్దించును?

మరియు అబ్బాయి చెప్పిన చివరి మాట తోసివేయదగినది కాదు. లాయరు తనకు కేసులు కావలెనని ప్రకటనలు వేసికొనకూడదు, దళారులను పెట్టి పని అడుగకూడదు అని బార్ కౌన్సిల్ నియమములలో 36వది కట్టడి చేయుచున్నది. వాకిట వ్రేలాడు పేరుబోర్డు కూడ మితమైన కొలతలోనే ఉండవలెను. న్యాయము అంగడి సరుకు కాకూడదని చేసిన నియమమిది, దానిని నేను తప్పుపట్టను. కాని దాని ఫలితము చూడుడి. తండ్రి లాయరైతే కొడుకు నల్లకోటు తొడిగిన నాడే కక్షిదారులు వాకిట ఉందురు. మేనమామ లాయరైతే కూర్చుండుటకు కుర్చీ, చదువుటకు పుస్తకముల బీరువా ఉండును. కూలివాని కొడుకు ఎవరికి తెలియును? అతనికి మిగిలిన దారి పరిచయమొక్కటే. పరిచయములు పుట్టుకతోనే కలిగినవారు లేనివానితో, 'నాయనా, వాటికొరకు ప్రాకులాడకుము, అది ఆత్మకు మంచిది కాదు' అని చెప్పిన అది బోధ కాదు, తలుపు గడియవేయుట.

మన గ్రంథము కూడ పరిచయమును పాపమని ఎక్కడ చెప్పినది? చెరసాలలో యోసేపు పానదాయకుల అధిపతిని బతిమాలుకొనెను, నీకు మేలు కలిగినప్పుడు నన్ను మరువక ఫరోతో నా సంగతి చెప్పుమని. అట్లడిగినందుకు గ్రంథము యోసేపును నిందింపలేదు. మరచిపోయినవాని మరపునే వ్రాసిపెట్టినది. ఆ మరపు ఖరీదు రెండు నిండు సంవత్సరములు. సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు భయపడి దగ్గరకు రానీయకపోగా బర్నబా అతనిని చేరదీసి అపొస్తలులయొద్దకు తోడుకొని వచ్చెను. ఆ పరిచయము జరుగకపోయిన యెడల మనకు పౌలు పత్రికలు ఎట్లుండెడివో ఆలోచించుడి. రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయమంతయు ఇంచుమించు పరిచయములే. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే కొరకు పౌలు వ్రాసిన సిఫారసుతోనే అది ఆరంభమగుచున్నది. తీతుకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో జేనా అను ధర్మశాస్త్రవేత్త పేరు వచ్చును. అతనికిని అపొల్లోకును ప్రయాణములో ఏమియు తక్కువ కాకుండ చూడుమని పౌలు తీతును కోరెను. మన అబ్బాయికి ఈ జేనాను చూపితిని. బైబిలులో ఒక లాయరు ఉన్నాడని అతనికి తెలియదు. చాల సంతోషించెను.

మన రాజమహేంద్రవరపు చరిత్రలోనే చూడుడి. టంగుటూరి ప్రకాశంగారు 1872లో పుట్టిరి. తండ్రి పోయిన తరువాత తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచినది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు తాను రాజమహేంద్రవరమునకు మారినప్పుడు ఆ కుర్రవానిని కూడ వెంటబెట్టుకొని వచ్చెను. ఇక్కడ చదువు బాగుండునని. ఆ కుర్రవాడే ఈ పట్టణములో ప్లీడరై, మునిసిపల్ చైర్మనై, ఇంగ్లండు వెళ్లి బారిష్టరై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైనాడు. తరువాతి సంగతులు అందరు చెప్పుకొందురు. నాకు ఆ బడిపంతులే ఎక్కువగా జ్ఞాపకమునకు వచ్చును. పూటకూళ్ల ఇంటి బిడ్డవలన ఆ దినమున ఆయనకు రాదగిన లాభమేమి? తనకు తెలిసిన లోకములోనికి, ఎవరును తెలియని ఒక పిల్లవానిని చేయిపట్టుకొని నడిపించెను, అంతే.

అయితే ఇక తప్పు ఎక్కడున్నది? లూకా పదునాలుగవ అధ్యాయము చదువుడి. ఒక పరిసయ్యుని యింట విందు. వచ్చినవారందరు ముందు పీటలు చూచుకొనుచున్నారు. అక్కడ ప్రభువు ఇంటి యజమానితో చెప్పిన మాటకు తాత్పర్యమేమనగా, నిన్ను తిరిగి పిలువగలవారిని పిలిచితే లెక్క అక్కడికే సరిపోవును, తిరిగి పిలువలేనివారిని పిలువుమని. శిబిరము కూడ ఒక విందే. ఆ విందు ఎవరి పేర జరిగినదో ఆ బీదవారు వరుసలో నిలిచియుండగా, వడ్డించువారు వడ్డన విడిచి ముందు పీటల వైపు నడిచిరి. పెద్దలతో మాటలాడుట తప్పు కాదు. ఆమెకు చెందిన గంటను తీసి ఆ పరిచయములు కొనుట తప్పు. ఆ గంట అబ్బాయిది కాదు, నాది కాదు. ఆ ముసలిది ఆ గంటకొరకు ఆనాటి కూలి మానుకొని వచ్చినది.

యోహాను సువార్త అయిదవ అధ్యాయములో బేతెస్ద కోనేటియొద్ద పడియున్న, 38 సంవత్సరములనుండి వ్యాధిగల రోగిని తలంచుకొనుడి. స్వస్థపడగోరుచున్నావా అని ప్రభువు అడుగగా, అతడు తన వ్యాధిని గూర్చి చెప్పుకొనలేదు. నీళ్లు కదలినప్పుడు తనను దింపుటకు మనిషి లేడనియు, తాను ప్రాకులాడి వచ్చులోగా మరియొకడు దిగిపోవుచున్నాడనియు చెప్పెను. నీళ్లు ఉన్నవి. దారియు ఉన్నది. మనిషి లేడు. మన ఊళ్లలో జబ్బు చేసినను, పోలీసులు పిలిచినను, పింఛను ఆగినను మొదట పుట్టు ప్రశ్న ఏమి? 'మనకక్కడ తెలిసినవాళ్లెవరన్నా ఉన్నారా?' అనియే గదా. ఔషధమేమని అడుగము, చట్టమేమని అడుగము. తెలిసినవాడుంటే అన్నియు ఉన్నట్లే. బీదతనము అనగా డబ్బు లేకపోవుట మాత్రమే కాదు, కోనేటిలో దింపు మనిషి లేకపోవుట కూడ. ఇట్టి మనిషిని ఏర్పాటు చేయుటకే ఆ శిబిరము పెట్టిరి. ఆ మనిషి ఆనాడు మన అబ్బాయియే కావలసి యుండెను.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి మన డెల్టాలో ప్రతి రైతుకును ఒక సంగతి తెలియును. కాలువ నీరు మొదట ఎగువ చేలకు వచ్చును. శివారు భూములవారు చివర ఎదురుచూతురు. ఎగువవాడు తన మడి తడుపుకొనుట న్యాయమే, తడుపుకొనకుండ క్రిందికి వదలుమని ఎవడును అడుగడు. బోదె కట్టివేసికొని కూర్చుంటేనే తగవు. అబ్బాయికి నేనిదే చెప్పితిని. నీవు జడ్జిగారి పరిచయమును, సీనియరు పరిచయమును తప్పక సంపాదించుకొనుము. నీ తండ్రికి లేనిది నీకు దొరకుచున్నది, సిగ్గుపడవద్దు. మొదట బల్లయొద్ద వరుస తీరనిమ్ము, తరువాత టీ యొద్దకు వెళ్లుము. నీవు వచ్చులోగా వారు వెళ్లిపోదురేమో. వెళ్లవచ్చును, కొన్నిమార్లు నిజముగానే నష్టము కలుగును. నష్టము రాదని చెప్పి నేను నిన్ను మోసపుచ్చను. అతడు కొంతసేపు ఊరకుండి, "అలాగైతే వెనకబడిపోతానండి" అన్నాడు. "ఒక్కొక్కప్పుడు వెనుకబడెదవు నాయనా" అంటిని. అంతకంటె తియ్యని మాట నాయొద్ద లేకపోయెను.

మనస్సులోని సంగతి యొకటి మిగిలియున్నది. మేలు చేయుచు లోలోపల లాభము కోరుట సంగతి. బియ్యములోని రాళ్లు చేటతో చెరుగవచ్చును గాని, ఒకే పనిలో కలిసిపోయిన రెండు కోరికలను చెరుగుట నా చేత కాలేదు. సమాధుల స్థలము అడిగినప్పుడు సంఘముకొరకు ఎంత అడిగితినో, 'మా అయ్యగారు సాధించినారు' అనిపించుకొనుటకు ఎంత అడిగితినో నాకే తెలియదు. మనస్సు పూర్తిగా శుద్ధియగు వరకు మేలు చేయకుండ ఆగినయెడల ఎవని కాగితమును వ్రాయబడదు. కాబట్టి మనస్సు సంగతి ప్రార్థనలో దేవునికి విడిచి, కంటికి కనబడు లెక్క చూచుకొందము. ఆ దినము ముగిసినప్పుడు నా ఫోనులో ఎవరి నెంబరు చేరినది, ఎవరి కాగితము తిరిగి కొంగున చేరినది? ఈ లెక్క వేయుటకు సెమినరీ చదువు అక్కరలేదు.

మరుసటి సోమవారము అబ్బాయి కాలేజీ మానుకొని ఆమెను కోర్టు ఆవరణలోని న్యాయ సేవల ఆఫీసుకు తీసికొని వెళ్లెను. శిబిరములో నెంబరు తీసికొన్న సీనియరు లాయరుగారికే ఫోను చేసి, అర్జీ ఎట్లు వ్రాయవలెనో అడిగినాడు. ఆయన ఓపికతో చెప్పిరట. దావా వేయకముందే ఇరుపక్షములను పిలిపించి రాజీకి ప్రయత్నించు పద్ధతి అక్కడ ఉన్నది. రాజీ కుదిరి లోక్ అదాలత్తులో అవార్డు వ్రాసినయెడల అది కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. ఖర్చును లేదు. మరిది కొడుకులకు నోటీసులు వెళ్లినవి.

వారిలో పెద్దవాడు వచ్చినాడు, రెండవవాడు రాలేదు. మరల తారీకు వేసిరి. ఆ దినము మధ్యాహ్నము ఆమె చెట్టు క్రింద తాను తెచ్చుకొన్న అన్నపు గిన్నె విప్పి అబ్బాయికి సగము పెట్టినదట. ఆ సమయమున సీనియరు లాయరుగారు ఆ దారినే వెళ్లుచు పలుకరించిరట. అబ్బాయి లేవబోగా, కూర్చుండి తినుమని ఆయనే అనిరట.